‘ఇప్పుడు లేవు’, ‘ఇక లేవు’: బొమ్మల లైబ్రరీకి బైట్లు అందించే ఫంక్షన్ల సంగతి

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఒక స్తంభానికి బిగించిన కెమెరా పది నిమిషాలకొకసారి జెట్టీని ఫొటో తీసి, మొబైల్ నెట్‌వర్క్ మీదుగా సిరిపురంలో మేం పనిచేసే గదికి పంపేది. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న ఒక సాయంత్రం వచ్చిన ఫొటోలో పై సగం చక్కగా ఉంది. వేటకు వెళ్లకుండా పక్కపక్కనే కట్టేసిన మరబోట్లు, వాటి వెనుక డాల్ఫిన్ నోస్ కొండ స్పష్టంగా కనిపిస్తున్నాయి. కింది సగం మాత్రం ఒక్క గీత, ఒక్క మరక లేకుండా ఒకే బూడిద రంగులో ఉంది. మరునాడు కెమెరాలోని మెమరీ కార్డు తీసి చూస్తే అదే ఫొటో అడుగు అంచు దాకా పూర్తిగా ఉంది. కెమెరాలో లోపం లేదు, జేపెగ్ బొమ్మను విప్పే లైబ్రరీలోనూ (ఎవరైనా తమ ప్రోగ్రాములో వాడుకోవడానికి సిద్ధంగా దొరికే కోడ్) లోపం లేదు. ఆ లైబ్రరీకి బైట్లు అందించడానికి నేను రాసిన చిన్న ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క), నెట్‌వర్క్ నుంచి కొద్దిసేపు ఏమీ రానప్పుడు ‘సున్నా’ అని జవాబిచ్చింది. ‘ఇప్పుడు లేవు’ అని నా ఉద్దేశం. లైబ్రరీ దాన్ని ‘ఇక లేవు’ అని తీసుకుంది.

బొమ్మల లైబ్రరీలు చాలావరకు ఫైలు చదవడం, రాయడం అనే పనులను తామే పట్టుకు కూర్చోకుండా, వాటిని చేసే ఫంక్షన్లను ఆ లైబ్రరీని వాడే ప్రోగ్రామరే రాసి ఇచ్చే వీలు కల్పిస్తాయి. ఆ వీలు ఎందుకు పుట్టింది, లోపల ఎలా పనిచేస్తుంది, ఎక్కడ దెబ్బ తీస్తుంది అన్నది ఈ వ్యాసంలో వివరిస్తాను. ఆ ఫంక్షన్లు రాయడం కష్టమేమీ కాదు, ఒక్కోటి పది లైన్లకు మించదు. ఒక్కో లైబ్రరీ వాటి నుంచి ఏ మాట ఆశిస్తుందో, ఏ మాటను వినే ఏర్పాటే దానికి లేదో తెలుసుకోవడంలోనే కష్టమంతా ఉందని నా అనుభవం చెబుతోంది.

ముందుగా మామూలు పద్ధతి చూద్దాం. ఫైలు పేరు ఇస్తే లైబ్రరీ తానే దాన్ని తెరిచి, బైట్లు చదివి, బొమ్మను విప్పి, ఫైలు మూసేస్తుంది. డిస్కు మీద విడి ఫైలుగా ఉన్న ఫొటోకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. కానీ బొమ్మ ఎప్పుడూ విడి ఫైలుగానే ఉండాలని లేదు. ఆండ్రాయిడ్ యాప్‌తో పాటు వచ్చే బొమ్మలు ఏపీకే అనే ఒకే మూటలో ఉంటాయి. ఆ మూట నిజానికి జిప్ ఫైలే. ఆటలు తయారుచేసేవారు వందలాది బొమ్మలను ఒకే పెద్ద ఫైలులో కుక్కి పెడతారు. కొన్ని బొమ్మలు డేటాబేస్‌లో ఒక గడిలో ఉంటాయి, కొన్ని రహస్య లిపిలోకి మార్చి దాచినవి, కొన్ని అప్పుడే నెట్‌వర్క్ నుంచి జారుతూ ఉంటాయి. వీటిలో దేనికీ లైబ్రరీ తెరవగలిగే ఫైలు పేరు ఉండదు.

మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి అడిగాడు: “ఎందుకు సార్ ఇంత తంటా? వచ్చిన బైట్లన్నీ ఒక తాత్కాలిక ఫైలులో రాసేసి, ఆ ఫైలు పేరే లైబ్రరీకి ఇస్తే సరిపోతుంది కదా?” ప్రశ్న న్యాయమైనదే, చాలా ప్రోగ్రాములు అలాగే చేస్తాయి కూడా. అయితే ప్రతి బొమ్మనూ ఒకసారి రాసి, మళ్లీ చదివి, ఆపైన చెరపాలి. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతే తాత్కాలిక ఫైళ్లు డిస్కులో పేరుకుపోతాయి. రహస్యంగా దాచిన బొమ్మ అయితే, దాని అసలు రూపాన్ని ఎవరైనా తీసి చూడగలిగే చోట పెట్టినట్టే అవుతుంది. హార్బర్‌లోని మా కెమెరా పెట్టె లాంటి చిన్న యంత్రాల్లో రాసుకోవడానికి చోటే ఉండకపోవచ్చు.

పేరు బదులు, ముందే తెరిచి పెట్టిన ఫైలును సీ భాషలోని ఫైలు పాయింటర్ (తెరిచిన ఫైలు వివరాలు మెమరీలో ఉన్న చిరునామా) రూపంలో ఇవ్వడం మరో దారి. విండోస్‌లో దీనికి ఒక పాత చిక్కు ఉంది. లైబ్రరీని ఒక సీ రన్‌టైమ్‌తోనూ (సీ ప్రోగ్రాము నడవడానికి కావలసిన సహాయక కోడ్), మన ప్రోగ్రామును మరో సీ రన్‌టైమ్‌తోనూ కట్టి ఉంటే, ఒకరు తెరిచిన ఫైలు పాయింటర్‌ను మరొకరు వాడినప్పుడు ప్రోగ్రాము కూలిపోవచ్చు, ఎందుకంటే ఆ పాయింటర్ వెనుక ఉన్న నిర్మాణం ఒక్కో రన్‌టైమ్‌కు సొంతం. చదివే ఫంక్షన్‌ను మనమే ఇస్తే ఫైలు తెరిచినవారే చదువుతారు కాబట్టి ఈ చిక్కు తలెత్తదు.

ఏర్పాటు ఇలా ఉంటుంది. లైబ్రరీ తనకు కావలసిన పనులను పేర్కొంటుంది: ఇన్ని బైట్లు చదివి ఇవ్వు, ఫలానా చోటికి జరుగు, ఇప్పుడు ఎక్కడున్నావో చెప్పు, చివరికి వచ్చావా చెప్పు. ఒక్కో పనికి ఒక ఫంక్షన్ రాసి, దాని చిరునామాను మనం లైబ్రరీకి అప్పగిస్తాం. బొమ్మ విప్పుతూ బైట్లు అవసరమైనప్పుడల్లా లైబ్రరీ ఆ చిరునామాకు కబురు పెడుతుంది. వీటిని కాల్‌బ్యాక్‌లు అనడం అందుకే. ఈ పనుల పట్టిక లైబ్రరీకొక తీరుగా ఉంటుంది. ఒకే హెడర్ ఫైలులో ఇమిడిపోయే ఎస్‌టీబీ ఇమేజ్ మూడింటితో సరిపెట్టుకుంటుంది: చదువు, దాటవేయి, చివరా కాదా చెప్పు. ఫ్రీఇమేజ్ నాలుగు అడుగుతుంది: చదవడం, రాయడం, జరగడం, చోటు చెప్పడం. డెవ్‌ఐఎల్ చదవడానికే ఏడు ఫంక్షన్లు తీసుకుంటుంది, తెరవడం, మూయడం, ఒక్క బైటు తేవడం కూడా వాటిలో ఉంటాయి.

వీటన్నిటితో పాటు దాదాపు ప్రతి లైబ్రరీ ఇంకొక పాయింటర్‌ను కూడా తీసుకుంటుంది. అందులో ఏముందో లైబ్రరీ ఎన్నడూ చూడదు; మనం ఇచ్చిన దాన్ని ప్రతి పిలుపులోనూ మనకే తిరిగి అందిస్తుంది, లేదా అడిగితే ఇస్తుంది. కొత్తవారికి ఇది అలంకారంలా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో ఈ ఏర్పాటుకు ప్రాణం ఇదే. ఈ పాయింటర్ లేకపోతే ‘ఏ బొమ్మ కోసం చదువుతున్నాను’ అన్న సంగతిని ప్రోగ్రాము అంతటికీ ఒక్కటే అయిన గ్లోబల్ వేరియబుల్‌లో దాచుకోవాలి. ఒకేసారి రెండు కెమెరాల ఫొటోలు విప్పడం మొదలుపెట్టిన నిమిషంలోనే ఒక జెట్టీ బైట్లు మరో జెట్టీ బొమ్మలోకి చేరిపోతాయి.

ఇక అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. ‘చదువు’ అన్న ఒకే మాటకు మూడు ప్రసిద్ధ లైబ్రరీలు మూడు అర్థాలు చెప్పుకున్నాయి.

పీఎన్‌జీ బొమ్మల కోసం ఉన్న లిబ్‌పీఎన్‌జీలో మనం రాసిచ్చే చదివే ఫంక్షన్‌కు జవాబు విలువే లేదు. లైబ్రరీ ఎన్ని బైట్లు అడిగిందో అన్నీ నింపాలి, లేదంటే లైబ్రరీ వారి ఎర్రర్ ఫంక్షన్‌ను పిలిచి ఆ బొమ్మ పని అక్కడితో వదిలేయాలి. ‘సగం దొరికాయి’ అని చెప్పే మార్గం అందులో లేదు. డిస్కు ఫైలుతో ఈ తేడా కనిపించదు, ఎందుకంటే ఫైలు చివర తప్ప మిగతా చోట్ల అడిగినన్ని బైట్లూ వస్తాయి. నెట్‌వర్క్ అలా కాదు; వెయ్యి అడిగితే మూడు వందలు ఇవ్వడం దానికి సహజం, అది తప్పు కూడా కాదు. కాబట్టి నెట్‌వర్క్ నుంచి చదివేటప్పుడు అడిగిన లెక్క పూర్తయ్యేదాకా మన ఫంక్షన్ లోపలే లూప్ తిరగాలి. ఈ లూప్ రాయనివారి ప్రోగ్రాము ఆఫీసులోని వేగమైన లైను మీద నెలల తరబడి బాగానే నడిచి, సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట మాత్రం విఫలమవుతుంది. అలాంటి తప్పును పట్టుకోవడం చాలా కష్టం.

ఆగి ఎదురుచూడటం కుదరని వారికి లిబ్‌పీఎన్‌జీ ఈ సంబంధాన్నే తిరగేసి మరో దారి ఇచ్చింది. అక్కడ లైబ్రరీ మనల్ని బైట్లు అడగదు. మనకు వచ్చినప్పుడల్లా, వచ్చినన్ని, మనమే దానికి అందిస్తాం. ఒక వరుస పూర్తయినప్పుడు అది మనకు కబురు పెడుతుంది.

లిబ్‌జేపెగ్ పద్ధతి ఇంకా లోతైనది. ఇండిపెండెంట్ జేపెగ్ గ్రూప్ 1991లో మొదట విడుదల చేసిన ఈ లైబ్రరీ, బైటు బైటుకూ ఫంక్షన్‌ను పిలిస్తే వేగం పడిపోతుందన్న ఉద్దేశంతో ఒక కిటికీ లాంటి ఏర్పాటు చేసుకుంది. మనం ఒక స్ట్రక్చర్‌లో (కొన్ని విలువలను కలిపి ఉంచే కట్ట) రెండు విషయాలు ఉంచుతాం: తర్వాతి బైటు ఏ చిరునామాలో ఉంది, ఇంకా ఎన్ని బైట్లు మిగిలాయి. లైబ్రరీ ఆ కిటికీలోంచి తానే తీసుకుంటూ పోతుంది. మిగిలినవి సున్నా అయినప్పుడు మాత్రమే ‘బఫర్ నింపు’ అనే మన ఫంక్షన్‌ను పిలుస్తుంది; బఫర్ అంటే బైట్లను తాత్కాలికంగా ఉంచే చోటు. లైబ్రరీతో వచ్చే నమూనా కోడ్‌లో ఈ బఫర్ 4096 బైట్లు. ఆ ఫంక్షన్ నిజమని జవాబిస్తే పని సాగుతుంది. అబద్ధమని జవాబిస్తే, ‘ఇప్పుడు లేవు, తర్వాత రా’ అని అర్థం. అప్పుడు లైబ్రరీ తాను సగంలో ఉన్న పనిని వదిలి, అంతకుముందు భద్రంగా గుర్తుపెట్టుకున్న చోటికి వెనక్కి వెళ్లి, మన చేతికి పగ్గాలు ఇచ్చేస్తుంది. వెనక్కి వెళ్లింది గనుక కొన్ని బైట్లను మళ్లీ చదువుతుంది. అందుచేత ఆ గుర్తు తర్వాతి బైట్లను పారేయకుండా ఉంచి, కొత్తగా వచ్చినవాటిని వాటి వెనుక చేర్చే బాధ్యత మనది.

నేను చేసిన పొరపాటు ఇక్కడే జరిగింది. లైబ్రరీ వారి నమూనా కోడ్‌ను తీసుకుని, ఫైలు నుంచి చదివే ఒక్క లైను తీసేసి, ఆ స్థానంలో నెట్‌వర్క్ నుంచి చదివే లైను పెట్టాను. ఆ నమూనా డిస్కు ఫైళ్ల కోసం రాసింది. చదివినవి సున్నా అయితే ఫైలు అయిపోయిందని తీర్మానించి, ఒక హెచ్చరిక నమోదు చేసి, బొమ్మ ముగింపును సూచించే 255, 217 అనే రెండు బైట్లను తానే కల్పించి లైబ్రరీకి అందిస్తుంది. తెగిపోయిన ఫైలులోంచి కూడా చూడగలిగినంత చూపించాలన్న మంచి ఉద్దేశమే అందులో ఉంది. అలా ముగింపు ఎదురయ్యాక, రావలసిన గుణకాలు, అంటే బొమ్మను చిన్న గడులుగా విభజించి ఒక్కో గడి కోసం జేపెగ్ రాసుకునే అంకెలు, రాలేదు కాబట్టి లైబ్రరీ వాటన్నిటినీ సున్నాలుగా తీసుకుంటుంది. జేపెగ్‌లో ఒక గడిలోని గుణకాలన్నీ సున్నా అయితే వచ్చే విలువ 128, అంటే నలుపుకూ తెలుపుకూ నడిమధ్య. మరబోట్ల కింద పరుచుకున్న ఆ బూడిద రంగు ఎక్కడిదో నాకు అలా తెలిసింది. లైబ్రరీ ఇచ్చిన హెచ్చరికను మా ప్రోగ్రాము ఎక్కడా చూడకపోవడం రెండో తప్పు.

ఈ పనిలో చదివే ఫంక్షన్‌కు నిజానికి నాలుగు జవాబులు అవసరం: ఇవిగో ఇన్ని బైట్లు, ఇప్పుడు లేవు, ఇక లేవు, దారి తెగిపోయింది. చాలా లైబ్రరీలు ఒక్క అంకెతోనే ఈ నాలుగింటినీ చెప్పమంటాయి, లేదా కొన్నింటిని అసలు చెప్పనివ్వవు. మా ప్రోగ్రామును సరిదిద్దినప్పుడు కెమెరా పెట్టె ముందుగా ఫొటో మొత్తం ఎన్ని బైట్లో పంపి, ఆ తర్వాతే ఫొటోను పంపేలా మార్చాను. లెక్క తెలిసి ఉంటే ‘ఇక లేవు’ అనే మాటను ఊహించనవసరం లేదు, లెక్కపెట్టి చెప్పవచ్చు.

మూడోది టిఫ్ అనే రకం బొమ్మల కోసం ఉన్న లిబ్‌టిఫ్. దీనితో వచ్చే చిక్కు వేరు. ప్రతి టిఫ్ ఫైలు ఎనిమిది బైట్ల హెడర్‌తో, అంటే పరిచయ భాగంతో, మొదలవుతుంది. మొదటి రెండు బైట్లు రెండు ‘ఐ’ అక్షరాలో రెండు ‘ఎమ్’ అక్షరాలో అయి, అంకెలు ఏ వరుసలో రాశారో చెబుతాయి. తర్వాత 42 అనే అంకె. ఆ తర్వాతి నాలుగు బైట్లు బొమ్మ వివరాల పట్టిక ఫైలులో ఎక్కడుందో చెబుతాయి. ఆ పట్టిక ఫైలు చిట్టచివర ఉన్నా ఆశ్చర్యం లేదు. కాబట్టి ముందుకూ వెనక్కీ జరిగే వీలు లేకుండా టిఫ్‌ను చదవడం కుదరదు. లిబ్‌టిఫ్‌లో సొంత ఫంక్షన్లతో తెరిచే పద్ధతి ఏడింటిని అడుగుతుంది: చదవడం, రాయడం, జరగడం, మూయడం, మొత్తం పరిమాణం చెప్పడం, మెమరీలోకి మ్యాప్ చేయడం (ఫైలును మెమరీలో ఉన్నట్టే నేరుగా చూసే ఏర్పాటు), ఆ మ్యాప్ తీసేయడం. చివరి రెండూ మన దగ్గర లేవని చెప్పినా అది ఒప్పుకుంటుంది, మొదటి ఐదింటి పద్ధతితో సర్దుకుంటుంది.

జరిగే ఫంక్షన్ ఎక్కడ తప్పుతుందో ఒక ఉదాహరణతో దగ్గరగా చూడాలి. బీచ్ రోడ్డు ఫొటోలన్నీ ఒకే మూట ఫైలులో పెట్టామనుకుందాం. అందులో ఒక టిఫ్ బొమ్మ 52,000వ బైటు దగ్గర మొదలై 30,000 బైట్ల పొడవు ఉంది. లైబ్రరీ ‘ఎనిమిదో బైటుకు జరుగు’ అంటే మనం మూటలో 52,008కి వెళ్లాలి. ఎక్కడున్నావని అడిగితే మాత్రం 52,008 అనకూడదు, ఎనిమిది అనాలి. ‘చివరికి జరుగు’ అంటే మూట చివరికి కాదు, 82,000కు వెళ్లి, 30,000 అని చెప్పాలి. 29,990 దగ్గర ఉండగా వంద బైట్లు అడిగితే పది మాత్రమే ఇవ్వాలి. వందా ఇచ్చేస్తే పక్క ఫొటో బైట్లు ఈ బొమ్మలోకి వస్తాయి. ఈ నాలుగింటిలో మొదటిది అందరూ సరిగా రాస్తారు. మిగతా మూడూ మరిచిపోతే, మూటలో మొదటి బొమ్మ ఒక్కటే సరిగా తెరుచుకుని తక్కినవి పాడైనట్టు కనిపిస్తాయి.

పరిమాణం విషయంలో ఇంకొకటి ఉంది. టిఫ్‌లో చోటును 32 బిట్లలో రాస్తారు కాబట్టి ఫైలు 4 జీబీ దాటడానికి వీల్లేదు. ఆ పరిమితిని దాటడానికి వచ్చిన బిగ్‌టిఫ్‌లో 42 బదులు 43 ఉండి, చోటును 64 బిట్లలో రాస్తారు. అయితే మన ఫంక్షన్ ఆ చోటును విండోస్‌లోని ‘లాంగ్’ అనే అంకెల రకంలో పట్టుకుంటే, అది అక్కడ 32 బిట్లే కాబట్టి, 2 జీబీ దగ్గరే లెక్క తప్పుతుంది. తీరం పొడవునా డ్రోన్‌తో తీసిన ఫొటోలను అతికించి చేసిన పటాలు ఈ హద్దును సులభంగా దాటుతాయి.

ఇక్కడ పీఎన్‌జీ ఫైలు మొదటి ఎనిమిది బైట్ల గురించి చెప్పకుండా ఉండలేను: 137, 80, 78, 71, 13, 10, 26, 10. నడుమ ఉన్న 80, 78, 71 అనేవి పీ, ఎన్, జీ అక్షరాలు. 137లో పై బిట్ ఒకటి, దారిలో ఎవరైనా ఏడు బిట్లకు కుదిస్తే అది పోతుంది. ఫైలును పొరపాటున టెక్స్ట్ పద్ధతిలో తెరిచి, వరుస ముగింపులు మారిపోతే, వరుస ముగింపును సూచించే 13, 10 జంట గానీ, చివరి ఒంటి 10 గానీ చెడిపోతుంది. 26 పాత డాస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైలు ముగింపు గుర్తు. అంటే ఫైలును తెరిచేవారు, పంపేవారు చేయగల తప్పులను ముందే ఊహించి, వాటిని మొదటి ఎనిమిది బైట్లలోనే పట్టుకునేలా ఈ సంతకాన్ని కూర్చారు. చదివే ఫంక్షన్ రాసేవారు ఫైలును, బైట్లను మార్చకుండా ఇచ్చే బైనరీ పద్ధతిలోనే తెరవాలన్న నియమాన్ని ఇంతకంటే శ్రద్ధగా చెప్పిన చోటు నాకు తెలియదు. బొమ్మ ఏ రకమో తేల్చుకోవడానికి ఈ ఎనిమిది బైట్లను మనమే ముందు చదివేస్తే, వెనక్కి జరగలేని నెట్‌వర్క్‌లో వాటిని తిరిగి ఇవ్వలేం. అందుకే ‘ఎనిమిది ఇప్పటికే చదివేశాను’ అని లిబ్‌పీఎన్‌జీకి చెప్పే ఫంక్షన్ విడిగా ఉంది.

రాసే వైపు చిక్కులు తక్కువే. పీఎన్‌జీ, జేపెగ్ రెండింటినీ వెనక్కి జరగకుండా ముందుకే రాసుకుంటూ పోవచ్చు కాబట్టి నేరుగా నెట్‌వర్క్‌లోకి పంపవచ్చు. టిఫ్ రాసేటప్పుడు మాత్రం లైబ్రరీ పట్టిక చోటును నమోదు చేయడానికి వెనక్కి వస్తుంది. లిబ్‌జేపెగ్‌లో బఫర్ నిండినప్పుడు పిలిచే ఫంక్షన్ దగ్గర చాలామంది జారతారు: ఆ క్షణంలో కిటికీలోని మిగిలిన లెక్కను పట్టించుకోకుండా బఫర్ మొత్తాన్నీ రాసేయాలి. మిగిలిన లెక్కను చూడవలసింది చివరి పిలుపులోనే. అలాగే డిస్కు నిండిందన్న సంగతి కొన్నిసార్లు ఫైలు మూసేటప్పుడే బయటపడుతుంది కాబట్టి, మూసే ఫంక్షన్ ఇచ్చే జవాబును చూడకుండా వదిలేయకూడదు. మేమైతే తాత్కాలిక పేరుతో రాసి, మూత కూడా సరిగ్గా పడ్డాకే అసలు పేరు పెడతాం.

ఇన్ని షరతులను గుర్తుపెట్టుకోవడం కంటే పరీక్షించుకోవడం మేలు. దానికి ఈ ఏర్పాటే సాయపడుతుంది, ఎందుకంటే బైట్లు ఇచ్చేది మన ఫంక్షనే. ఎన్ని అడిగినా నెట్‌వర్క్ ఒకసారికి ఒక్క బైటే ఇచ్చినట్టు నటించే పొరను మా ఫంక్షన్ కింద పెట్టాను. ప్రతి రెండో పిలుపులో ‘ఇప్పుడు లేవు’ అనే పొర ఇంకొకటి. మూడోది బొమ్మను మొదటి బైటు దగ్గర, రెండో బైటు దగ్గర, అలా ప్రతి చోటా తెంపి చూపిస్తుంది. మొదటి రెండింటితో విప్పిన బొమ్మ, మామూలుగా విప్పిన బొమ్మతో ప్రతి చుక్కలోనూ సమానంగా ఉండాలి. మూడోదానితో హెచ్చరికో ఎర్రరో తప్పకుండా రావాలి, నిశ్శబ్దంగా సగం బొమ్మ రాకూడదు. ఆ సాయంత్రం ఫొటోను మెమరీ కార్డులోంచి తీసి ఈ మూడింటి మీదా నడిపాను. మొదటి రెండుసార్లూ మరబోట్లు, వాటి కింద జెట్టీ అంచున ఆరేసిన వలలు, చివరి వరుసలోని తడి సిమెంటు నేల దాకా అన్నీ వచ్చాయి. మూడోసారి, తెంపిన ప్రతి చోటా, మా ప్రోగ్రాము ఆ ఫొటోను తీసుకోకుండా కెమెరాను మళ్లీ పంపమని అడిగింది.